క్లచ్ తొక్కే కాలు

నర్సింగ్ పూర్తిచేసి హైవే పక్క ఆస్పత్రుల్లో పోస్టింగ్ వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "మేడం, ఇక్కడ యాక్సిడెంట్లు బాగా వస్తాయట, భయంగా ఉంది" అంటారు. వస్తాయి. కానీ వాటికి అంతగా భయపడక్కర్లేదు. దెబ్బ కళ్ల ముందే కనబడుతుంది, ఏం చేయాలో చదువుకునే వచ్చారు, పెద్దాస్పత్రికి తీసుకుపోవడానికి అంబులెన్సు ఉంది. భయపడాల్సింది తన కాళ్ల మీద తాను నడిచొచ్చి "ఏం లేదమ్మా, ఒక సూది ఎయ్యి, జల్ది పోవాలె" అనే మనిషిని చూసి. నా ఉద్యోగంలో సగం అలాంటి వాళ్లతోనే గడిచింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో మహబూబ్‌నగర్ వైపు నుంచి బదిలీ మీద, నార్కట్‌పల్లి దాటాక అద్దంకి వైపు హైవే మీద ఉన్న ఒక చిన్న సర్కారు దవాఖానకు స్టాఫ్ నర్సుగా వచ్చాను. రిటైరయ్యే దాకా అక్కడే ఉన్నాను. దవాఖాన పేరు రాయను. మంచి రాసినా చెడు రాసినా ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. ఎన్ని కాన్పులు చేశాను, ఎవరు శాలువా కప్పారు అనే లెక్కలు కూడా రాయను. శాలువాలు బీరువాలో పడి ఉన్నాయి. వాటివల్ల ఎవరి పుండూ మానలేదు. లారీ డ్రైవర్ల సంగతి మాత్రం రాస్తాను, ఎందుకంటే మా చదువులో వాళ్ల గురించి ఒక్క పేజీ కూడా లేదు.

ముందు లారీకి జాగా

డ్రైవరు దవాఖానకు ఎందుకు రాడు? మొండివాడు, తాగుబోతు, ప్రాణమంటే లెక్కలేదు అని చాలామంది అంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకునేదాన్ని. అసలు కారణం చాలా మామూలుది. లారీ పెట్టడానికి జాగా లేదు.

మా గేటు ముందు కారు ఆగుతుంది, ఆటో ఆగుతుంది, పెళ్లి బస్సు కూడా ఆగుతుంది. నిండు లోడుతో ఉన్న లారీ ఆగదు. కొంచెం దూరం పోతే దాబా దగ్గర బోలెడు జాగా ఉంది, కానీ బండిని అక్కడ వదిలి నడిచొస్తే డీజిల్ తీస్తారు, తాడు కోసి సరుకు దింపుకుంటారు. పూర్వం తోడుగా క్లీనరు ఉండేవాడు. ఇప్పుడు చాలా బండ్ల మీద డ్రైవరు ఒక్కడే. బండిని చూసుకోవాలా, ఒంటిని చూసుకోవాలా అంటే బండినే చూసుకుంటాడు. ఒళ్లు తనది, బండి పరాయివాడిది. పరాయివాడికి జవాబు చెప్పాలి కదా.

ఇది చాలదన్నట్టు బండికి జీపీఎస్ పెట్టారు. లారీ కాసేపు కదలకపోతే ఆఫీసు నుంచి ఫోను. ఒకసారి ఛాతీలో మంటని వచ్చిన మనిషిని పడుకోబెట్టి ఈసీజీ తీస్తున్నాను. ఫోను మోగుతూనే ఉంది. ఆయన వైర్లతో సహా లేవబోయాడు. నాకు ఒళ్లు మండింది. ఫోను లాక్కుని నేనే ఎత్తాను.

"ఏం రా, అరగంట సంది బండి కదుల్తలేదేంది? యాడ పండినవ్?" అని అవతలి గొంతు.

"దవాఖానల పండిండు" అన్నాను. "మీ బండి మంచిగనే ఉంది సారూ. మీ డ్రైవరే బాగలేడు."

"గట్లనా... చెప్పలే గదమ్మా. జర మంచిగ సూడుండ్రి, ఫికర్ జెయ్యొద్దను" అన్నాడు. ఆయన మంచివాడేనని కాదు, చెడ్డవాడేనని కూడా కాదు. ఆయనకు తెర మీద ఆగిపోయిన చుక్క కనిపించింది తప్ప, పడుకున్న మనిషి కనిపించలేదు. అప్పటి నుంచి బండి ఆఫీసుకు ఫోను చేయడం కూడా వైద్యంలో భాగమే అనుకున్నాను. మీరూ అనుకోండి. రెండు నిమిషాల పని, దానివల్ల మనిషి మంచం మీద స్థిమితంగా ఉంటాడు.

ఇంకో సంగతి. మందులిచ్చేటప్పుడు ఏ పూట వేసుకోవాలో చెబుతాం, వేసుకున్నాక ఏమవుతుందో చెప్పం. బీపీకి ఇచ్చే, ఒంట్లో నీరు తీసే మాత్ర ఒకాయన నెలల తరబడి వేసుకోలేదు. గట్టిగా అడిగితే సిగ్గుపడుతూ చెప్పాడు. "గా గోలి ఏసుకుంటే ఊకె ఒంటికొస్తది సిస్టరమ్మా. ఘాట్ రోడ్డు మీద బండి యాడ ఆపాలె?" మందు మార్చాం, బీపీ దిగింది. ఆయన మొండివాడు కాడు. మేం అడగలేదు, అంతే.

ఇద్దరు సార్లు

అక్కడ నేను చాలామంది డాక్టర్ల కింద పనిచేశాను. ఇద్దరి గురించి చెబితే చాలు.

మొదటాయన్ని మేమంతా పెద్ద సారు అనేవాళ్లం. తొమ్మిదంటే తొమ్మిదికి కుర్చీలో ఉండేవాడు. ఆయన కుట్టు వేస్తే మచ్చ కనబడదు. పైసా ముట్టేవాడు కాదు. కానీ రోగి ఆయన ముందుకు రావాలి, వరుసలో కూర్చోవాలి, చెప్పింది చేయాలి. చేయనివాడంటే ఆయనకు పరమ చిరాకు. "వీళ్లకు చెప్పడం మన గొంతుకు చేటు" అనేవాడు. ఆయన దగ్గర నేను చేతిపని నేర్చుకున్నాను. డ్రెస్సింగ్ ఎలా చేయాలో నాకు తెలిసిందంతా ఆయన పెట్టిన భిక్షే.

ఆయన బదిలీ అయ్యాక వచ్చినాయన కుర్రవాడు, వనపర్తి వైపు మనిషి. మేం కొత్త సారు అన్నాం, నాలుగేళ్లున్నా ఆ పేరే ఉండిపోయింది. రోజూ ఆలస్యంగా వచ్చేవాడు, బల్లంతా చిందరవందర, పెన్ను ఎప్పుడూ నాదే అడిగేవాడు, తిరిగి ఇచ్చేవాడు కాదు. కానీ ఎవరొచ్చినా "నీ పనేంది? పొద్దున్నుంచి పొద్దుగూకేదాక ఏం జేస్తవ్?" అని మొదలుపెట్టేవాడు. మొదట్లో నాకు విసుగొచ్చేది. బయట వరుస పెరిగిపోతుంటే ఈ ముచ్చట్లేమిటని గొణుక్కునేదాన్ని. ఎవరు గొప్ప అని అడిగితే, కుట్లు వేయించుకోవాలంటే పెద్ద సారు, జబ్బు కనిపెట్టాలంటే కొత్త సారు అంటాను.

బీరయ్య

బీరయ్యది రామన్నపేట దగ్గర పల్లె. గొర్రెలు కాసే ఇల్లు. తండ్రి, తాత అందరూ మంద వెంట తిరిగినవాళ్లే. ఈయన మాత్రం లారీ ఎక్కాడు. హైదరాబాద్ నుంచి చెన్నైకి సరుకు వేసుకుని, నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి రోడ్డు పట్టుకుని పోయేవాడు, వచ్చేటప్పుడు అదే దారి. మంద బాధ్యత భార్య లింగమ్మది.

ఆయనకు షుగరు. పెద్ద సారు ఉన్నప్పుడే ఎడమ కాలి బొటనవేలి పక్కన పుండుతో వచ్చాడు. ఎప్పుడైంది, ఎట్లా అయింది అంటే తెలియదన్నాడు. షుగరు ముదిరితే కాళ్లలో స్పర్శ పోతుంది, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పెద్ద సారు శుభ్రంగా కోసి కట్టు కట్టాడు, షుగరు గోలీలు మార్చాడు, అడుగు మెత్తగా ఉండే చెప్పులు తెప్పించి ఇచ్చాడు. "ఇవి లేకుండా అడుగు వేయొద్దు" అని గట్టిగా చెప్పాడు.

పుండు కొంచెం మానేది, మళ్లీ పచ్చిగా అయ్యేది. అటు పోయేటప్పుడు మానుతున్నట్టుండేది, తిరిగొచ్చేసరికి ఎర్రగా, పొక్కు లేచి. ప్రతిసారీ ఒకటే ప్రశ్న, ఒకటే జవాబు.

"చెప్పులు ఏసుకుంటున్నవా?"

"ఏసుకుంటున్న సారూ."

"అబద్ధం" అనేవాడు పెద్ద సారు. "వేసుకుంటే మానదా? నన్నెందుకు మోసం చేస్తావ్?"

బీరయ్య తలొంచుకునేవాడు. నాకు మాత్రం ఒకటి అంతుబట్టలేదు. ఆ చెప్పుల అడుగులు అరిగిపోయాయి. వేసుకోకుండా దాచుకున్నవాడి చెప్పులు అరగవు. మరి ఈ మనిషి నిజమే చెబుతున్నట్టు. నిజమైతే పుండు ఎందుకు మానదు? ఆ మాట పెద్ద సారుతో అన్నాను. "షుగరు అదుపులో లేదు, అంతే" అన్నాడు. అది కూడా నిజమే. దారిలో అన్నం ఏ వేళకు దొరుకుతుందో తెలియక, స్టీరింగ్ మీద కళ్లు తిరుగుతాయేమోనని బీరయ్య గోలీలు ఎగ్గొట్టేవాడు.

కొత్త సారు వచ్చేసరికి పుండు ఎముక దాకా దిగుతోంది. నల్గొండలో పెద్దాస్పత్రి సర్జన్‌కు చూపించాం. ఇంకోసారి ఇలాగే వస్తే వేలు తీసేయాలని, ఆలస్యం చేస్తే సగం పాదం పోతుందని ఆయన చెప్పి పంపాడు. ఆ రోజు బీరయ్య మా బెంచీ మీద కూర్చుని నన్ను ఒక్కటే అడిగాడు.

"ఎడమ కాలు లేకుంటే క్లచ్ ఎట్ల తొక్కాలె సిస్టరమ్మా?"

నాకు ఏడుపొచ్చింది. వినపడనట్టు ట్రే సర్దుకున్నాను. బండి తప్ప ఆయనకు ఇంకో పని రాదు. మంద మీద ఇల్లు గడవదనే కదా బండెక్కింది.

కేబిన్‌లో

తర్వాతి ట్రిప్పుకు పోతూ ఆయన మా గేటు దగ్గర ఆగలేకపోయాడు. దాబా దగ్గర ఆపి ఫోను చేశాడు. లోడు విలువైనదట, వదిలి రాలేనన్నాడు. కట్టు మార్చే రోజది. పెద్ద సారయితే "రాకపోతే పో" అనేవాడు. కొత్త సారు నా వైపు చూసి "మీరే వెళ్లి రండి సిస్టర్" అన్నాడు. ట్రే మీద గుడ్డ కప్పుకుని, ఆటో ఎక్కి పోయాను.

పెద్ద లారీ కేబిన్‌లోకి ఎక్కడం ఏభై దాటిన ఆడదానికి చిన్న పని కాదు. దాబాలో రొట్టెలు చేసేవాళ్లు కూడా పని ఆపి చూశారు. బీరయ్య చెయ్యి అందించాడు. తలుపు తీయగానే ఎదురుగా అద్దం కింద యాదగిరిగుట్ట నర్సింహస్వామి పటం, చామంతి దండ, అగరుబత్తి వాసన. నేనేమీ ఆలోచించలేదు. చెప్పులు మెట్టు మీద విడిచి లోపలికి కాలు పెట్టాను.

పెట్టిన కాలు పెట్టినట్టే పైకి లాక్కున్నాను. బండి అప్పుడే ఆపాడు. కింద రేకు పెనంలా కాలుతోంది. డ్రైవరు సీటుకు ఎడమ పక్క, ఇంజన్ మీద మూత ఉంటుందే, దానికి చెయ్యి ఆనించలేకపోయాను.

"అయ్యో, ఇంత కాల్తుందేంది బీరయ్యా!"

"కాల్తుందా అమ్మా?" అన్నాడు ఆయన నిజంగానే ఆశ్చర్యపోతూ. "నాకేం తెలుస్తలేదే."

ఆయన కాళ్ల వైపు చూశాను. ఉత్త కాళ్లు. కట్టు కట్టిన ఎడమ పాదం ఇంజన్ మూతకు ఆనుకుని ఉంది. గేరు మార్చనప్పుడల్లా ఆ కాలు అక్కడే ఆనిస్తాడట, అలవాటు.

"చెప్పులేవి?"

"గివిగో, సీటు కింద. బండి దిగంగనే ఏసుకుంట. ఒక్క అడుగు గూడ ఇడిసి నడుస్తలేనమ్మా."

"మరి బండిల?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "బండిల ఎట్లేసుకుంట? లోపట స్వామి ఉండె గదా."

నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను. నేను మాత్రం విడిచి రాలేదా? ఎవరూ చెప్పకుండానే విడిచాను. ఇంతకాలం మేం అడిగిన ప్రశ్నకు ఆయన నిజమే చెప్పాడు. నడిచేటప్పుడు వేసుకుంటున్నాడు. కానీ ఆ మనిషి నడిచేది ఎంత? బతుకంతా ఆ రేకు మీదే కదా. దవాఖానలో మేం మాన్పిన పుండును రోడ్డు మీద ఇంజన్ కాలుస్తోంది. అది ఆయనకు తెలియదు, మాకు తెలియదు, ఆయన్ని అబద్ధాలకోరన్న పెద్ద సారుకు అసలే తెలియదు.

కట్టు మారుస్తూ అడిగాను, పటాన్ని వెనక్కి జరపకూడదా అని. ఒప్పుకోలేదు. "స్వామి రోడ్డు సూడాలె అమ్మా. ఎనక్కి జరిపితే నన్నెవరు సూస్తరు?" వాదించలేదు. నేను కూడా గుట్టకు పోయే మనిషినే.

గొంగడి

కొత్త సారు విని నవ్వలేదు. "ఇది నేను కూడా అడగలేదు చూడండి సిస్టర్" అన్నాడు. బీరయ్య తిరిగొచ్చినప్పుడు లింగమ్మను కూడా రప్పించాడు. కేబిన్‌లో కాలికి ఏదో ఒక అడ్డం ఉండాలని, చెప్పు వద్దంటే ఇంకేదైనా చూడమని చెప్పాడు. తర్వాత వారం లింగమ్మ దవాఖానకొచ్చి మూట విప్పింది. పాత నల్ల గొంగడి ముక్కలతో రెండు కాళ్లకు తొడుగులు కుట్టింది, ఇంజన్ మూతకు నాలుగు మడతల గొంగడి తెచ్చింది. ఉన్ని గరుకుగా ఉంటుందని లోపల పాత నూలు చీర వేయించాను. క్లచ్ మీద జారుతుందని బీరయ్య అంటే, టైరు ట్యూబు ముక్క కోసి అడుగున కుట్టింది.

బీరయ్య దాన్ని తిరగేసి మరగేసి చూశాడు. "అడుగున రబ్బరు, పైన తొడుగు. గిది చెప్పుగాదా?"

"గొంగడి" అంది లింగమ్మ. "గొంగడికి మైలుంటదా? మన బీరప్ప పండుగల గొంగడి మీదనే గదా దేవుణ్ణి వెడ్తం. నర్సింహస్వామి ఏమనడు, తొడుక్కో."

తొడుక్కున్నాడు. నాలుగైదు ట్రిప్పులు తిరిగేసరికి పుండు అంచులు దగ్గరికొచ్చాయి. గోలీలు వేసుకునే వేళలు అన్నం దొరికే దాబాలను బట్టి కొత్త సారు మార్చి ఇచ్చాడు. పోను పోను మానింది. వేలు తీయాల్సిన పని రాలేదు. నా ఉద్యోగంలో అంత సంతోషం చాలా తక్కువసార్లు కలిగింది. ఇక్కడితో ఆపితే నాకు గొప్పగా ఉండేది, కానీ అది పూర్తి నిజం కాదు.

దారం

మానిన పాదాన్ని చూడటానికి కొత్త సారు ఇద్దరినీ పిలిచాడు. గట్టి నైలాన్ దారం ఒకటి ఉంటుంది, దాన్ని అరికాలికి ఆనించి స్పర్శ ఎంత ఉందో చూస్తారు. బీరయ్యను కళ్లు మూసుకోమన్నాడు. "తగిలినప్పుడల్లా ఆఁ అను."

సారు దారం ఆనించాడు. "ఆఁ" అన్నాడు బీరయ్య. మళ్లీ ఆనించాడు. "ఆఁ." ఇంకోసారి "ఆఁ." అప్పుడు సారు చెయ్యి వెనక్కి తీసుకుని ఊరికే కూర్చున్నాడు.

"ఆఁ" అన్నాడు బీరయ్య. కాసేపాగి మళ్లీ "ఆఁ" అన్నాడు.

లింగమ్మ పక్కనే నిలబడి చూస్తోంది. "సారు ముట్టుకోనే లేదు" అంది.

బీరయ్య కళ్లు తెరిచాడు. ముఖం పాలిపోయింది. "బండి దిగుమంటరేమో అని..." అన్నాడు. పుండు మానితే స్పర్శ కూడా వచ్చేస్తుందని లింగమ్మ అనుకుంది. రాలేదని ఆయనకు మొదటి నుంచీ తెలుసు.

సారు కుడి కాలికి కూడా పరీక్ష చేశాడు. అందులో స్పర్శ బాగానే ఉంది. అప్పుడు మెల్లగా, దాచకుండా చెప్పాడు. "పుండు మానింది, బీరయ్యా. స్పర్శ రాదు. బ్రేకు తొక్కే కాలు మంచిగుంది కాబట్టి ఇప్పుడు దిగమంటలేను. ఆ కాలు గూడ మొద్దుబారిన దినం నేనే దింపుత. ఎడమ కాలు ఇంకోసారి కాలిందంటే ఈసారి దక్కదు. నొప్పి నీకు చెప్పదు. దినాం కంటితోటి చూడాలె, అడుగు, వేళ్ల సందులు, అన్నీ."

"ఎవరు సూడాలె సారూ?" అన్నాడు బీరయ్య. "నా అరికాలు నాకు అగుపడదు. బండిల ఒక్కణ్ణే ఉంట."

లింగమ్మ అందరిముందే కింద కూర్చుంది. ఆయన ఎడమ పాదం ఒళ్లోకి లాక్కుంది. ఆయన సిగ్గుపడి "లే, మంది సూస్తుండ్రు" అన్నాడు. ఆమె వినలేదు. బొటనవేలితో పుండు మానిన చోట నొక్కింది, ఆయన ముఖం వైపు చూసింది. ఆ ముఖంలో ఏ కదలికా లేదు. అప్పుడు ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు.

"వానకాలమొస్తే మందల ఒక్కొక్క గొర్రెను పండవెట్టి గిట్టలు సూస్త" అంది. "ఒక్కదాన్ని గూడ ఇడువ. నీ కాళ్లు సూడనైతి. ఇయ్యాల్టి సంది ఫోన్ల నాకు మొకం సూపియ్యకు. ముందుగాల కాలు సూపియ్యి."

నేను రిటైరయ్యాక రామన్నపేటలో ఒక పెళ్లికి పోయి, సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. మంద అప్పుడే దొడ్లోకి వచ్చింది. లింగమ్మ నాకు చాయ్ పెడుతుంటే ఫోను మోగింది. చెంగుకు చెయ్యి తుడుచుకుని ఎత్తింది. తెర నిండా ఒక అరికాలు.

"ఎలుగుకు వెట్టు" అంది. "గటు కాదు, ఇటు మల్పు. ఏళ్ల సందులు సూపియ్యి... బొటనేలు... ఆఁ, మంచిగుంది."

అప్పుడు ఆమె ముఖం కొంచెం తేరుకుంది.

"ఇగ మొకం సూపియ్యి" అంది. "తిన్నవా?"